ఎండాకాలం మఫ్లరు

పడుకో చిట్టీ. తాతయ్య సంగతి నీకెందుకు? జ్వరమూ లేదు, జలుబూ లేదు. ఇంత ఉక్కలో మెడకి ఊలు మఫ్లరు చుట్టుకుని అరుగు మీద ఆయాసపడుతున్నాడంటే దానికో కథ ఉంది. చెబుతాను, ఊఁ కొట్టు. మధ్యలో లేచి ఆయనకి విసరడానికి వెళ్ళావంటే కథ ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఊరని మాత్రం అడక్కు, ఆ ఊరివాళ్ళ మొహం నేను మళ్ళీ చూడాలి, హైమావతి అని ఒక లెక్కల టీచరు ఉండేది. ఆ ఊళ్ళో చలంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మాఘమాసంలో కూడా చేతిలో విసనకర్ర ఉండాల్సిందే. అలాంటి ఊళ్ళో ఆవిడకి పట్టుకున్న సరదా ఏమిటో తెలుసా? ఊలు అల్లడం.

పోనీ బాగా అల్లుతుందా అంటే, అదీ లేదు. బళ్ళో ఎక్కం తప్పితే చెవి మెలిపెట్టే మనిషికి సూది మీద కుట్లు మాత్రం లెక్క తప్పేవి. వీధిలో ఎవరు పోతున్నా పలకరించేది. పలకరింపు అయ్యాక ఎంతవరకు వచ్చానబ్బా అనుకునేది. అనుకుని, తోచినచోట మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక ఏడాది ఫాల్గుణంలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. శనివారం, ఆదివారం వచ్చాయంటే ఊరి ఆడవాళ్ళంతా డాబాల మీద వడియాలు పెట్టుకునేవాళ్ళు. హైమావతి మాత్రం పెరట్లో వేపచెట్టు కింద మడతకుర్చీ వేసుకుని, ఒళ్ళో పసుపుపచ్చ ఊలు ఉండ పెట్టుకుని కూర్చునేది. పైనుంచి వేపపూత రాలేది. ఎక్కడో కోకిల కూసేది. ఆవిడకి తొందరనేదే లేదు.

ఒక్క కోరిక మాత్రం ఉండేది. తను అల్లినదాన్ని ఒక్కరంటే ఒక్కరు, తిరిగి ఇవ్వకుండా వాడుకోవాలి. చూడు, కోరిక చిన్నదే. ఊరే వేడిది.

అప్పుడు ముందుగా మొగుడికి స్వెట్టరు అల్లింది. ఆయన పేరు భానుమూర్తి. సొసైటీలో గుమాస్తా. పెళ్ళాం మాటకి ఎదురు చెప్పి ఎరగడు, చెప్పాలనుకున్నది పెరట్లోకి వెళ్ళి అరటిచెట్టుకి చెప్పుకునేవాడు. ఆ స్వెట్టరుకి ఒక చెయ్యి వేళ్ళు దాటింది, ఒక చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. అయినా తొడుక్కున్నాడు. తొడుక్కుని మిట్టమధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రానికి వీపంతా చెమటకాయలు.

"హైమా, ఇందులో నాతోపాటు ఇడ్లీలు పెట్టినా ఉడికిపోయేవే" అన్నాడు పాపం. పెళ్ళయ్యాక ఆయన అన్న మొదటి పెద్దమాట అదే.

హైమావతి స్వెట్టరు విడిపించుకుని, కుంకుడుకాయ రసంలో ఉతికి, ఎండేసి, దారమంతా విప్పి మళ్ళీ ఉండ చుట్టింది.

ఆ తర్వాత ఆ ఊలుతోనే పాలు పోసే గంగరాజుకి మఫ్లరు అల్లింది. తెల్లవారకుండా మంచులో తిరుగుతాడని ఆవిడ బాధ. ఆ ఊళ్ళో మంచు ఎక్కడ కురిసిందో ఆవిడకే తెలియాలి. గంగరాజు మహా మర్యాదస్థుడు, నీళ్ళు కలిపేటప్పుడు కూడా దణ్ణం పెట్టుకుని కలిపేవాడు. మఫ్లరు కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. ఉతికితే అది సాగింది. మళ్ళీ ఉతికితే ఇంకా సాగింది. మరో ఆదివారానికి అది దూడ మెడలో ఉంది, రెండో కొస గుంజకి ఉంది.

"టీచరమ్మా, తప్పుగా అనుకోకండి. పలుపుతాడైతే మెడ ఒరుసుకుపోతోంది. ఇదైతే దూడకి ఎంత హాయిగా ఉందో!" అన్నాడు.

దూడకే హాయిగా ఉందట. హైమావతి దూడ నోట్లోంచి ఒక కొస లాక్కుని ఇంటికి తెచ్చుకుంది. మళ్ళీ కుంకుడుకాయ రసం, మళ్ళీ ఎండ, మళ్ళీ ఉండ.

అప్పుడు మూడోసారి, పక్కింటి మంగతాయారుకి శాలువా అల్లింది. మంగతాయారు అంటే ఎవరనుకున్నావు? ఆ ఊరి ఆచారాలన్నీ ఆవిడ కొంగు చివరే ముడేసి ఉండేవి. ఏ రోజు తల అంటుకోవాలో, ఏ దిక్కున తుమ్మకూడదో ఆవిడే చెప్పాలి. ఆవిడ శాలువా అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "బావుందే హైమా" అంది. హైమావతి పొంగిపోయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మూడో రోజు మంచినీళ్ళకని వెళ్తే, మంగతాయారు వసారాలో కొత్తకుండ. కుండ చుట్టూ శాలువా. శాలువా మీద చెంబెడు నీళ్ళు.

"గోనెపట్టా కన్నా ఇది నయమే హైమా. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూడు, తాగు" అంది మంగతాయారు.

వెచ్చదనం కోసం అల్లినదాన్ని పట్టుకెళ్ళి కుండని చల్లబరచడానికి చుట్టిన మనుషులతో ఏం వేగుతాం చెప్పు? హైమావతి ఆ నీళ్ళు తాగింది. చల్లగానే ఉన్నాయి. అందుకే ఏడుపొచ్చింది. శాలువా విప్పి తెచ్చి, ఉతికి, ఎండేసి, ఉండ చుట్టి, సూదులతో సహా సంచిలో పడేసి అటక మీదికి విసిరింది. "ఇంక ముట్టుకుంటే ఒట్టు" అంది. భానుమూర్తి ఆ సంతోషవార్త అరటిచెట్టుకి చెప్పి వచ్చాడు.

ఆ తర్వాత చైత్రం వచ్చింది. మంగతాయారు కూతురు వసుంధర పురిటికని పుట్టింటికి వచ్చింది. నెల ముందే నొప్పులొచ్చి టౌను ఆస్పత్రిలో ఆడపిల్లని కంది. పిల్ల ఎంతుందనుకున్నావు? గంగరాజు పాలచెంబులో పట్టేంత. ఆస్పత్రివాళ్ళు కొన్నాళ్ళు ఉంచుకుని, "తల, కాళ్ళు వెచ్చగా కప్పి ఉంచండి" అని ఇంటికి పంపారు. సరిగ్గా అప్పుడే అకాల వర్షం వచ్చిపడింది. వడగళ్ళు, ఈదురుగాలి. జన్మలో ఆ ఊళ్ళో మొదటిసారి మనుషులు దుప్పట్లు వెతుక్కున్నారు.

నర్సు నిర్మల వచ్చి పిల్ల పాదాలు ముట్టుకుని చూసింది. "చల్లబడుతున్నాయి. తలకి ఊలు టోపీ లేదా?" అని అడిగింది.

టోపీ ఎందుకు లేదు? పిల్ల తండ్రి టౌనులో కొననే కొన్నాడు. కానీ మంగతాయారు దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. "పురుడు వెళ్ళేదాకా పిల్ల ఒంటికి కొత్తబట్ట తగలకూడదు. పాతబట్టే ఆయుష్షు. నా ముగ్గురు పిల్లలూ మా ఆయన పాత పంచెల్లోనే పెరిగారు" అంది.

"పాత పంచె తల మీద నిలవడం లేదమ్మా, జారిపోతోంది. టోపీ కావాలి."

"అయితే పాత టోపీ తీసుకురా అమ్మాయ్."

"ఈ ఊళ్ళో పాత ఊలు టోపీ ఎవరికుంటుందండీ? కొత్తదే ఎవరూ పెట్టుకోలేదు!" అని నర్సు తల పట్టుకుంది. వసుంధర పిల్లని గుండెకి అదుముకుని ఏడుపు మొదలుపెట్టింది. కూతురి కన్నీళ్ళు చూసి కూడా మంగతాయారు కదల్లేదు. మొండితనం కాదు చిట్టీ, భయం. అంత చిన్న పిల్లని ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు. ఆచారం ఒక్కటే పట్టుకోవడానికి దొరికింది.

ఈ గొడవంతా గోడ అవతల హైమావతికి వినబడింది. ఆ ఊళ్ళో గోడలు చూపుకి మాత్రమే అడ్డు. అప్పుడు ఒట్టు గిట్టు మరిచిపోయి, అటకెక్కి సంచి దించి, వచ్చి మంగతాయారు ముందు నిలబడింది.

"పిన్నిగారూ, ఇది కొత్తదా?"

మంగతాయారు ఊలు ఉండకేసి చూసింది. పసుపుపచ్చ ఎప్పుడో పోయింది. మజ్జిగపులుసు రంగులో ఉంది.

"మా ఆయన చెమటలో నానింది. గంగరాజు దూడ నమిలింది. మీ కుండ మీద మీరే నీళ్ళు పోశారు. ఇంతకన్నా పాతది ఈ ఊళ్ళో మీరూ, నేనూ తప్ప ఏముంది?"

మంగతాయారు ఉండ అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఒక పోగు లాగి వాసన చూసింది. "పాతదే" అంది చివరికి, చాలా చిన్నగా.

నర్సు దాన్ని మరిగే నీళ్ళల్లో ముంచి తీయించింది. పొయ్యి పక్కన ఆరబెట్టారు. ఆ తర్వాత హైమావతి వసారాలో కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. ఆ పూట ఎవరూ ఆవిడని పలకరించలేదు. వీధిలో పోయేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పోయారు. భానుమూర్తి పక్కన నిలబడి కుట్లు పైకి లెక్కపెట్టాడు. అంత గట్టిగా ఆయన గొంతు విన్నవాళ్ళు లేరు. దీపాలు పెట్టే వేళకి టోపీ అయింది. ఆ తర్వాత రెండు మేజోళ్ళు అయ్యాయి. మర్నాటికి ఒంటికి కప్పే గుడ్డ అయింది. పిల్ల చిన్నది కదా, తప్పు చేయడానికి చోటు లేదు. అయినా మేజోళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అది మామూలే.

పిల్ల పాదాలు వెచ్చబడ్డాయి. పాలు తాగింది. ఊరు లేచిపోయేలా ఏడిచింది. ఆ ఏడుపు విని మంగతాయారు తులసికోట చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసిందో ఆవిడకే గుర్తులేదు.

ఆ తర్వాత పురుడు వెళ్ళింది. స్నానాలయ్యాయి. మంగతాయారు పిల్ల తల మీది పాత టోపీ తీసి, "ఇదిగో హైమా, నీ ఊలు" అని చెయ్యి చాపింది.

హైమావతి ఏమంటుంది? అలవాటే కదా. సంచి తెరిచి పట్టుకుంది.

అప్పుడు తండ్రి కొన్న కొత్త టోపీ, కుచ్చులున్నది, పిల్లకి పెట్టారు. పిల్ల ఎర్రగా కందిపోయి గుక్కపట్టింది. తీశారు. కాసేపాగి పెట్టారు. మళ్ళీ గుక్క. మంగతాయారు ఒకసారి మనవరాలిని చూసింది, ఒకసారి సంచి చూసింది. చటుక్కున సంచిలోంచి పాత టోపీ లాగి పిల్ల తలకి పెట్టింది. పిల్ల గమ్మున నిద్రపోయింది.

"ఏమిటే హైమా అలా చూస్తావు? సంచి మూసెయ్" అంది మంగతాయారు.

హైమావతి సంచి మూసేసింది. ఖాళీ సంచే. కానీ రెండు చేతులతో పట్టుకుని మోసుకెళ్ళింది ఇంటికి.

అక్కడితో ఆగితే ఎంత బావుండేది! ఆగరుగా. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు కడుపుతో ఉన్నా పాత ఊలు కావాలన్నారు. పాత ఊలు చెట్టుకి కాస్తుందా? మంగతాయారు కొత్త ఆచారం పెట్టింది. కొత్త ఊలు ముందు హైమావతి అల్లాలి, దాన్ని ఆ ఇంటి పెద్దాయన వేసుకుని చెమట పట్టించాలి, తర్వాత ఉతికి విప్పితే అది పాతదైనట్టు. ఎండల్లో ముసలాళ్ళంతా మఫ్లర్లు, స్వెట్టర్లతో తిరుగుతుంటే, బస్సులో పోయేవాళ్ళు ఊరికి ఏదో జబ్బు చేసిందనుకునేవారు.

మీ పిన్నికి ఎన్నో నెల? ఆఁ, ఏడు. ఇప్పుడర్థమైందా అరుగు మీద ఆయన తిప్పలు?

అంటే అది మన ఊరేనా అంటావేం? ఏ ఊరని అడక్కు అన్నానా లేదా! ఊఁ కొట్టమంటే ప్రశ్నలేస్తావు. కళ్ళు మూసుకో.

ఊలు పోయె సంచికి,
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
చెమటలన్నీ తాతకి,
నువ్వూ నేనూ ఇంటికి.