ఎండ మీద లోభం

1967 మే 9, మంగళవారం. తెల్లవారిన కాసేపటికే ఎండ చుర్రుమంటోంది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. గోదావరి కాలవ గట్టున కొత్తరేవు అనే ఊళ్లో బులిరెడ్డి అనే ఉప్పుడు బియ్యం మిల్లు యజమాని ఉండేవాడు. ఆయన అన్నివిధాలా మంచివాడే కాని, ఎండ విషయంలో మాత్రం పరమ లోభి.

ఎండ మీద లోభమేమిటని మీరు అడగవచ్చు. ఉప్పుడు మిల్లుల్లో ధాన్యాన్ని ముందు ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత ఆడించేవారు. అందుకని మిల్లు పక్కన పెద్ద సిమెంటు కళ్లం ఉండేది. ఆవిరి కక్కుతున్న ధాన్యాన్ని దాని మీద పరిచి, ఆడవాళ్లు పాదాలతో చాళ్లు తీస్తూ ఈ చివరనుంచి ఆ చివరకు నడిచేవారు. వాళ్లు పాడుకునే పాటలు కాలవ అవతలికి వినిపించేవి. ఉడికిన ధాన్యం వాసన తగిలితే, అప్పుడే అన్నం తిని లేచినవాడికి కూడా మళ్లీ ఆకలి వేసేది. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి; ధాన్యం గదుల్లోనే ఆరిపోతోంది. పాటలు లేవు, వాసనా లేదు. సరే, ఎక్కడికో పోతున్నాను. కళ్లం సంగతి చెప్పాలి.

ఆ రోజు పొద్దున గంగులు మేస్త్రీ బులిరెడ్డి దగ్గరికి వచ్చాడు. ఆ చుట్టుపక్కల కళ్లాలు వేసేది అతనే.

"అయ్యా, కళ్లం పెచ్చులు లేచిపోతోందండి. ఓ పక్షం రోజులు ఖాళీ చేసి ఇచ్చారంటే కొత్తగా వేసేస్తాను" అన్నాడు.

"ఈ ఎండలోనా!" అన్నాడు బులిరెడ్డి. "రెండో పంట, దాళ్వా ధాన్యం బళ్ల మీద వచ్చి కూర్చుంటే కళ్లం నీకు అప్పగించనా? ఎండ రోజులు ధాన్యానివి, వాన రోజులు నీవి. శ్రావణంలో రావోయ్."

"వానలో సిమెంటు నిలవదండి. పోయినసారీ అలాగే వేయించారు, అలాగే పోయింది."

"వేశాక దాని మీద నీళ్లు కట్టాలంటావా, లేదా?"

"కట్టాలండి."

"మరి వానలో వేస్తే ఆ నీళ్లు పైనుంచి ఊరికే వస్తాయి కదయ్యా!"

పక్కనే ఉన్న భామిరెడ్డి పడి పడి నవ్వాడు. అతను బులిరెడ్డి తమ్ముడి కొడుకు. పెదనాన్నకు పిల్లలు లేరు కనుక మిల్లు ఎప్పటికైనా తనదేనని ధీమాగా ఉండేవాడు.

"ముందు గట్టిపడాలండి, ఆ తర్వాత తడవాలి" అన్నాడు గంగులు. "పుట్టీ పుట్టగానే బిడ్డని ఏట్లో ముంచుతామా?"

బులిరెడ్డి వినలేదు. ఆయన భార్య సూరాయమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి, "పోనీ ఆ ఎండని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకోండి, ఎవరూ ఎత్తుకుపోరు" అంది.

శ్రావణంలో ముసురు పట్టింది. ధాన్యం ఆరే రోజులు కావు కనుక కళ్లం ఖాళీగా ఉంది. గంగులు టార్పాలిన్లు కట్టి, వాన తెరిపిచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా సిమెంటు వేశాడు. గాలికి టార్పాలిన్లు లేచిపోయేవి. పచ్చిసిమెంటు మీద వాన పడి, సిమెంటు పాలన్నీ కాలవలోకి కారిపోయాయి. కళ్లం చూడ్డానికి కొత్తగానే ఉంది కాని, అరికాలితో రుద్దితే ఇసుక రాలేది.

ఆ ఇసుక తొలిపంట సార్వా ధాన్యంలో కలిసింది. సంక్రాంతి దాటాక కేరళ నుంచి చాకో అనే వ్యాపారి వచ్చాడు. మిల్లులో ఆడించే బియ్యమంతా ఏటా కొనేది ఆయనే. ఆయన రావడం మానేస్తే మిల్లు మూసుకోవలసిందే. ఆయన మూట చూసి బేరం చేసే మనిషి కాదు. ఆ బియ్యమే వండించుకుని, అక్కడే కూర్చుని తినేవాడు. సూరాయమ్మ వడ్డించింది. రెండో ముద్దకే ఆయన పంటి కింద కరుక్కుమంది.

"రెడ్డిగారూ, మీ బియ్యం మంచిది. మీ రాళ్లు కూడా మంచివే" అన్నాడు చాకో తనకు వచ్చిన తెలుగులో. "కాని రాళ్లు మాకు అక్కడ కూడా ఉన్నాయి."

బులిరెడ్డి తల దించుకున్నాడు. "వచ్చే ఏడు ఇంకొక్కసారి రండి. అప్పుడూ రాయి తగిలితే ఇక పిలవను" అని బతిమాలాడు. చాకో సరేనని, ఆ ఏడు సరుకు కొనకుండానే వెళ్లిపోయాడు.

ఏప్రిల్ వచ్చింది. ఎండలు ముదిరాయి. బులిరెడ్డి గుండె రాయి చేసుకుని కళ్లం గంగులుకు అప్పగించాడు. గంగులు చకచకా సిమెంటు వేసి, గట్టిపడ్డాక చుట్టూ మట్టిగట్లు పెట్టి, మడిలో నిలిపినట్టు నీళ్లు నిలిపాడు. మండుటెండలో, ధాన్యం కుప్పల పక్కన, కళ్లం నిండా నీళ్లు! దారిన పోయేవాళ్లంతా ఆగి చూశారు.

"ఏం రెడ్డిగారూ, ఈ ఏడు నాట్లు ఇక్కడే వేస్తారా?"

"నాట్లకేం, చేపలు కూడా వదలండి!"

బులిరెడ్డి పళ్లు బిగించి మిల్లులోకి వెళ్లిపోయాడు. ఆ మధ్యలోనే పనిమీద కాకినాడ వెళ్లవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి మట్టిగట్లు తెగి ఉన్నాయి. నీళ్లు లేవు. పచ్చి కళ్లం మీద ధాన్యం పరిచి ఉంది, దాని మీదుగా బళ్లు నడిచిన జాడలున్నాయి. గంగులు ఓ మూల తలపట్టుకుని కూర్చున్నాడు.

భామిరెడ్డి సంబరంగా ఎదురు వచ్చాడు. "బంగారం లాంటి ఎండ దండగైపోతోంది పెదనాన్నా! ఎండ రోజులు ధాన్యానివని నువ్వే కదా చెబుతుంటావు?"

బులిరెడ్డికి కోపం రాలేదు. తన మాట తనకే ఎవరో తిప్పి వినిపించినట్టు అనిపించింది.

"ధాన్యం ఎత్తించరా" అన్నాడు. "మేస్త్రీ, పాడైనంతమేరా పగలగొట్టి మళ్లీ వెయ్యి. నీకు ఎన్ని రోజులు కావాలో అన్నీ తీసుకో."

"దాళ్వా అంతా పోతుందండి" అన్నాడు గంగులు.

"పోనియ్యి. మిల్లు ఉంటే ఇంకో దాళ్వా వస్తుంది."

సూరాయమ్మ మజ్జిగ చెంబు తెచ్చి మేస్త్రీకి ఇచ్చింది. 

ఆ వేసవిలో కొత్తరేవు మిల్లు కూత వినపడలేదు. కళ్లంలో నీళ్లు మాత్రం నిలిచాయి. సాయంత్రాలు అందులో మబ్బుల నీడలు కనిపించేవి. మళ్లీ సంక్రాంతి దాటాక చాకో వచ్చి భోజనానికి కూర్చున్నాడు. బులిరెడ్డి గడప దగ్గర నిలబడి, ఆయన దవడల కేసి చూస్తూ ఉండిపోయాడు. చాకో విస్తరి మొత్తం ఖాళీ చేసి, "అమ్మా, ఇంకొంచెం అన్నం" అన్నాడు.

ఆ తర్వాత మిల్లు చాలా ఏళ్లు నడిచింది. ఏటా వేసవిలో కొన్నాళ్లు కళ్లం మరమ్మతుకు ఖాళీ చేసేవారు. అలా చేసిన ప్రతిసారీ భామిరెడ్డి, "ఆ రోజులేవో వానాకాలంలో ఇవ్వకూడదా పెదనాన్నా?" అని గొణిగేవాడు. బులిరెడ్డి జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు కూడా ఆ మాటే అన్నాడు. మర్నాడే బులిరెడ్డి ఊరి పెద్దలను పిలిపించి ఆస్తి సంగతి చెప్పాడు. ఇల్లూ మిల్లూ సూరాయమ్మకు ఇచ్చాడు. మిల్లు ఉన్నంత కాలం కళ్లం పని గంగులు మేస్త్రీకి, అతని తర్వాత అతని పిల్లలకు రాశాడు. వాళ్లు కోరిన ఎండ రోజులు కాదనే హక్కు ఎవరికీ లేదన్నాడు. భామిరెడ్డికి ఏమీ ఇవ్వలేదు.

నీతి: మనకు అన్నం పెట్టేదాన్ని బాగుచేసుకోవడానికి మంచి రోజుల్లోంచే కొన్ని ఇవ్వాలి, ఎందుకూ పనికిరాని రోజుల్లో చేసిన బాగుచేత ఎప్పటికీ నిలవదు.