ఆగని జేగంట

చింతలకోట రాజు మాధవభూపతికి రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోతే మర్నాడు ఊళ్ళో ఎవరికో ఒకరికి మూడేది. ఈసారి ఊరి కంచరులకు మూడింది. దర్బారులో పళ్ళెంలా వేలాడే పాత జేగంట పగుళ్ళిచ్చి, కొట్టినప్పుడల్లా జలుబు చేసిన దున్నపోతులా మూలుగుతోంది.

"కొత్త గంట కావాలి," అన్నాడు రాజు. "ఊళ్ళో కంచరి కొలుములు రెండున్నాయిగా? చెరొకటి చేసి తెమ్మనండి. గెలిచినవాడు ఆస్థాన కంచరి. ఓడినవాడు కొలిమి ఆర్పుకుని ఊరు విడిచిపోవాలి."

ఓడినవాడు ఊరెందుకు విడవాలని ఎవరూ అడగలేదు. అడిగితే తామూ విడవాల్సి వస్తుందని అందరికీ భయం.

తీర్పరి శరభయ్య శాస్త్రి. ఆయన బిరుదు 'నాదసింధు'. ఎవరిచ్చారో తెలియదు గానీ ఆయన మాత్రం పుచ్చుకున్నాడు. పోటీ ముందురోజు కంచరి గుండప్ప పెరట్లోంచి ఒక పాడియావు, దూడతో సహా, శాస్త్రిగారి దొడ్లోకి నడిచి వెళ్ళింది. అది దారి తప్పి వెళ్ళిందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆ కోటలో జేగంట మోగితేనే మధ్యాహ్న భోజనం. మోగాక ఆ మోత పూర్తిగా అణిగేదాకా రాజుతో సహా అందరూ నిలబడాలి, ముద్ద ముట్టకూడదు. అది రాజుగారి తాత పెట్టిన కట్టడి. అందుకే పోటీ రోజున దర్బారులోనే, ఎవరి పంక్తిలో వారికి, విస్తళ్ళు వేయించారు. గుత్తివంకాయ వాసన గుప్పుమంటోంది.

ముందుగా, రెండో కొలిమి కంచరి మల్లాచారి తన గంటను వేలాడదీశాడు. నల్లగా ఉంది. సుత్తిదెబ్బలు అలాగే కనిపిస్తున్నాయి.

"దీనికి ముఖం కడగలేదా?" అన్నాడు శాస్త్రి.

"గంటను వినాలి గానీ పెళ్ళిచూపులు చూస్తారేంటండీ!" అన్నాడు మల్లాచారి. అతని చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది.

కొయ్యసుత్తితో కొట్టాడు. ఖంగుమంది. చూరు మీది పావురాలు లేచిపోయాయి. మోత దర్బారంతా తిరిగి, కోటగోడలు దాటి, మెల్లగా అణిగింది. అందరూ ఊపిరి వదిలారు.

తరువాత గుండప్ప గంట. చుట్టూ తామరరేకులు, నడుమ సింహం తల. అద్దంలా తోమిన ఆ కంచులో రాజు తన మీసం చూసుకుని ముచ్చటపడ్డాడు. గుండప్ప కొట్టాడు.

టప్.

మూకుడు బోర్లాపడ్డట్టు వినిపించింది. శాస్త్రి మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టాడు.

"ఆహా! మొదటిది సంత అరుపు ప్రభూ, గాడిదక్కూడా వినిపిస్తుంది. ఇది సూక్ష్మనాదం. సంస్కారం ఉన్న చెవులకే అందుతుంది. వినండి, ఇంకా మోగుతూనే ఉంది!"

రాజు చెవి రిక్కించాడు. ఏమీ లేదు. ఆ మాట పైకి అంటే ఏమవుతుందో తోచింది.

"అవునవును. మోగుతోంది," అన్నాడు.

వెంటనే మంత్రి తల ఊపాడు. సేనాపతి ఊపాడు. ఎడం చెవి పనిచేయని కోశాధికారి అందరికంటే గట్టిగా ఊపాడు.

"ఏం మోగుతోందయ్యా? మీ బుర్రలా?" అని అరిచాడు మల్లాచారి. భటులు వచ్చి అతని రెక్కలు పట్టుకున్నారు.

"గుండప్పే గెలిచాడు. భోజనాలు కాగానే వీణ్ణి పొలిమేర దాటించండి," అంటూ రాజు విస్తరి ముందు కూర్చోబోయాడు.

"అయ్యో, కూర్చోకండి ప్రభూ!"

ఆ మాటన్నది నాంచారి, రాజుకు తమలపాకులు చుట్టి అందించే అడపకత్తె.

"గంట ఇంకా మోగుతోందిగా! తాతగారి కట్టడి," అంది చేతులు కట్టుకుని.

సగం వంగిన రాజు మళ్ళీ నిటారుగా లేచాడు. అందరూ నిలబడ్డారు. అప్పడాలు మెత్తబడ్డాయి. నెయ్యి పేరుకుంది. సేనాపతి కడుపు గుర్రుమంటే, "ఇదేనా ఆ సూక్ష్మనాదం?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"శాస్త్రిగారూ, ఇంకా ఉందా?" అన్నాడు రాజు.

"సన్నగా... ఉంది ప్రభూ." అప్పుడే ఆగిందంటే తన పొగడ్తంతా గాలికి పోతుంది. కానీ ఎంతసేపని నిలబడతాడు? ఆకలి ముందు సంస్కారం ఓడిపోయింది.

"ఆగింది! ఆగిపోయింది ప్రభూ!"

దర్బారంతా ఒక్కసారి విస్తళ్ళ మీదికి వంగింది. నాంచారి మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపుతూనే ఉంది.

"ఎక్కడాగింది? నాకింకా వినిపిస్తోంది. ఆకులు చుట్టుకునేదాని చెవికి అందేది నాదసింధు గారి చెవికి అందట్లేదా?"

శాస్త్రి నోరు తెరిచాడు. వినపడలేదంటే అడపకత్తె చెవులే మేలని ఒప్పుకున్నట్టు. వినపడుతోందంటే పస్తు. మంత్రి ఆయన వైపు చూసిన చూపులో మర్యాద మచ్చుకైనా లేదు.

"ఆఁ... అవును... నాకూ... మళ్ళీ..." అని గొణిగాడు.

వంగినవాళ్ళంతా తిట్టుకుంటూ లేచారు. రాజు వంకాయల వైపు దీనంగా చూశాడు.

"నాంచారీ, నీకు దణ్ణం పెడతాను. నిజం చెప్పు. ఈ గంట ఎప్పుడాగుతుంది?"

నాంచారి కళ్ళు తెరిచింది.

"మొదలైతే కదా ప్రభూ, ఆగడానికి!"

మల్లాచారి ఫక్కున నవ్వాడు. అతన్ని పట్టుకున్న భటులూ నవ్వారు. చివరికి రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మరి ఏలినవారికీ వినిపించిందన్నారు?" అంది నాంచారి.

"వినిపించింది. నా కడుపులోంచి!" అన్నాడు రాజు. "మల్లాచారిని వదలండి. అతని గంటే కడతాం. ఇప్పుడు మాత్రం కొట్టకండి, అది నిజంగా మోగుతుంది! గుండప్పా, నువ్వు ఊళ్ళోనే ఉండి కంచాలు చేసుకో. శాస్త్రిగారూ, మీకింకా వినిపిస్తోందిగా? ఆగాక వచ్చి భోంచేయండి."

రాజు మెడలోని హారం తీసి నాంచారికి ఇవ్వబోయాడు.

"హారం వద్దు ప్రభూ," అని ఆమె గుండప్ప గంట వైపు చూపించింది. "అది ఇప్పించండి. తమలపాకుల పళ్ళేనికి పనికొస్తుంది. తళతళా మెరుస్తుంది, కిందపడ్డా చప్పుడు చేయదు!"