నడుము నొప్పి పట్టిన విల్లు

రాజుగారి తాత నారి బిగించిన వెదురు విల్లును, ఆయన పోయి ముప్పై ఏళ్లయినా ఎవరూ విప్పలేదు. పొద్దువాలితే అది మూలిగేది. "తాతగారు నెత్తురడుగుతున్నారు" అంటూ రాజు ఏటా ఒకణ్ని బలిచ్చేవాడు. ఈ ఏడు మేదరి సింగమ్మ పెనిమిటి వంతొచ్చింది.

నడుములు వంచి నిలబడ్డ కొలువు మధ్యకెళ్లి, సింగమ్మ ఆ విల్లును నిమిరింది. వెదురు వంచి బతికే చేతులవి.

"ఇది ఆకలి కాదు దొరా, నడుము నొప్పి. నారి విప్పించండి. అప్పటికీ మూలిగితే నన్నూ బలివ్వండి."

విప్పారు. మూలుగు ఆగిపోయింది. పెనిమిటి కట్లూ ఊడాయి. విల్లు మాత్రం వంగే ఉంది.

"ఇదేమే, తిన్నగా లేవదేం?"

"ఏళ్ల తరబడి వంచి ఉంచితే లేవడం మర్చిపోద్ది దొరా."

రాజు ఉలిక్కిపడి కొలువుకేసి చూశాడు.

"అందరూ నిటారుగా నిలబడండి!"

ఒక్క నడుమూ లేవలేదు.