పొట్టేలు గోచి

ఒకానొక రాజ్యంలో మనుషులకంటే గొర్రెలు ఎక్కువ. ఆ మాట రాజుగారి ఎదుట మాత్రం ఎవరూ అనేవారు కారు. తనను ఏ లెక్కలో వేశారోనని ఆయనకు అనుమానం వచ్చేది.

ఆ రాజు పేరు ఉత్తుంగవర్మ. ఉత్తుంగమంటే మహా ఎత్తు, మనిషేమో పొట్టి. పుట్టినప్పుడే పేరు పెట్టేశారు గనక అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ లోటు పూడ్చుకోవడానికి బిరుదుల మీద బిరుదులు తగిలించుకునేవారు.

ఆయన కొలువులో బాచన అని ఒకడుండేవాడు. ప్రజల విన్నపాలు రాజుకు చదివి వినిపించడం, రాజుగారి ఆజ్ఞలు రాసుకోవడం అతని పని. ఏ ఆజ్ఞ రాసినా ప్రతి మాటా రెండోసారి అడిగి మరీ రాసేవాడు. చెవుడు కాబోలని కొందరు జాలిపడేవారు. చెవుడు కాదు, ముందుచూపు.

పుష్యమాసపు చలిలో రాజుగారికి దగ్గు పట్టుకుంది. వైద్యుడు గొంగడి కప్పుకోమన్నాడు, మేకపాలు తాగమన్నాడు. ఆయన గొంగడి కప్పుకుని, పాలగిన్నె పట్టుకుని కొలువులో కూర్చుని ఆలోచనలో పడ్డారు.

"బాచనా, ఈ గొంగడి దేనిది?"

"గొర్రెబొచ్చుది ప్రభూ."

"ఈ పాలు?"

"మేకవి."

"నా ఒక్క దగ్గుకు రెండు జీవాలెందుకు? గొర్రెనూ మేకనూ కలిపి ఒకటే జీవిని పుట్టిస్తే?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న విన్నప్పుడు నాకూ కుతూహలం కలిగింది. రెంటికీ నాలుగు కాళ్ళే, రెంటికీ కొమ్ములే, పడుకునేది ఒకే దొడ్డిలో. మరి ఎందుకు కలవవు? ప్రశ్నలో తప్పులేదు. అడిగినవాడు జవాబు కోసం ఆగకపోవడంలోనే చిక్కంతా ఉంది.

రాజుగారి మందను కాసే బీరమ్మను పిలిపించారు. పెనిమిటి పోయాక నలభై ఏళ్ళుగా ఆ మంద ఆమె చేతి మీదే పెరిగింది. ఏ గొర్రె ఏ గొర్రె కూతురో, ఎవరి ముత్తవ్వకు చెవి మీద మచ్చ ఉండేదో ఆమెను అడిగితే చెప్పేది.

"గొర్రెలూ మేకలూ కలిసే ఉంటాయా?" అన్నారు రాజుగారు.

"కలిసే ఉంటయి మారాజ. కాకపోతే పొట్టేళ్ళకు, మేకపోతులకు పొట్టకింద గోనెగుడ్డ కడతం. మేం దాన్ని గోచి అంటం."

"గోచీయా! పొట్టేలుకు సిగ్గెందుకు?"

"సిగ్గుకు కాదు మారాజ, ఆగుమని. వానలు పడ్డంకనే గోచి ఇప్పుతం. ఐదు నెలలకు ఈంతయి. అప్పటికి పచ్చి గడ్డి ఉంటది, తల్లికి పాలుంటయి. ఇప్పుడు ఇప్పితే ఐదు నెలలకు రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండల గడ్డెక్కడిది, పాలెక్కడియి? ఇంకొక ముచ్చట మారాజ, గొర్రెకు మేకకు..."

"ఆగు!" అని రాజుగారు గొంగడి విసిరి లేచారు. "తెలిసింది! మా రాజ్యంలో కొత్త జీవి ఇన్నాళ్ళూ పుట్టకపోవడానికి కారణం నీ గోచీలే. నేడే విప్పించండి. బాచనా, రాసుకో!"

బాచన గంటం తీశాడు. "పుట్టవలసిన జీవి ఎలా ఉండాలి ప్రభూ?"

"ఒంటి మీద గొర్రెబొచ్చు ఉండాలి. ఒంట్లో మేకపాలు ఉండాలి."

"ఒంటి మీద గొర్రెబొచ్చు, ఒంట్లో మేకపాలు. ఇంకేమైనా?"

"ఇంకేమీ అక్కర్లేదు. రోహిణి కార్తె వెళ్ళేలోగా ఆ జీవిని నా ముందుంచాలి. లేకపోతే ఈ బీరమ్మ మందను వదిలి పొలిమేర దాటాలి."

బాచన మొత్తం మళ్ళీ చదివి వినిపించి ముద్ర వేయించాడు. అదే రోజున రాజుగారు 'నవజీవస్రష్ట ఉత్తుంగవర్మ' అని ఒక రాయి చెక్కించారు. కింద ఆ జీవి బొమ్మ కోసం జాగా వదిలారు. బీరమ్మ దొడ్డికి పోయి, ఒక్కొక్క పొట్టేలు గోచీ విప్పుతూ కళ్ళు తుడుచుకుంది.

దండోరా ఊరూరా వేశారు గానీ పొట్టేళ్ళకు ఎవరూ విడిగా చెప్పలేదు. అందుకని రాజుగారి ఆశయం వాటికి తెలియలేదు. అవి గొర్రెల వెంటే పడ్డాయి, మేకపోతులు మేకల వెంటే పడ్డాయి. రాజుగారు దొడ్డి దగ్గర అరుగు వేయించుకుని మూడు రోజులు కూర్చున్నారు. ఆ మూడు రోజులూ ఆయన మేకపోతు గాంభీర్యం చూసి తీరవలసిందే. ఒకసారి ఒక పొట్టేలు దారితప్పి మేక దగ్గరికి పోయింది. రాజుగారు చప్పట్లు కొట్టారు. మేక వెనక్కి తిరిగి ఒక్క కుమ్ము కుమ్మింది. ఆ పొట్టేలు మళ్ళీ ఆ ఛాయలకు పోలేదు.

రోహిణి కార్తె వచ్చింది. మంద ఈనడం మొదలుపెట్టింది. గొర్రెలకు గొర్రెపిల్లలు పుట్టాయి, తోకలు కిందికి వేసుకుని. మేకలకు మేకపిల్లలు పుట్టాయి, తోకలు పైకి లేపుకుని. మధ్యరకం తోక ఒక్కటీ లేదు.

సంగతి చూసిరమ్మని రాజుగారు బాచనను పంపారు. దొడ్డిలో బీరమ్మ ఒక మేకను చెవులు పట్టి నిలబెట్టి, దాని పొదుగు కింద గొర్రెపిల్లను పెట్టి పాలు తాగిస్తోంది. ఎండిన బీడులో తల్లిగొర్రెలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

"ఇదేమిటవ్వా?"

"తల్లులకు చుక్క పాలు లేవయ్యా. గొర్రె వంగి గడ్డే మేస్తది. గడ్డి లేకుంటే పస్తే. మేక అట్ల కాదు, తుమ్మచెట్టు మీదికి కాళ్ళేసి ఆకు తెంపుతది, కాయ నములుతది. దాని పొదుగుల ఇంత పాలున్నయి. రేపటితో కార్తె ఒడుస్తది, నేను ఎల్లుండి పొలిమేర దాటుడే. పోయేలోపు వీటికి మేకలను అలవాటు చేసి పోతే బతుకుతయి."

తనను వెళ్ళగొట్టబోతున్న రాజు మంద కోసం ఆ ముసలమ్మ అలా పాకులాడుతుంటే బాచన కూడా మేక పక్కన చతికిలబడ్డాడు. అతను గొర్రెపిల్ల వంక చూశాడు. అది తోక ఆడిస్తూ గుటకలు వేస్తోంది.

"ఈ పిల్ల తల్లిపాలు తాగనేలేదా?"

"పుట్టినకాడి నుంచి మేకపాలేనయ్యా."

బాచన ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు. "అవ్వా, రేపు దీన్ని కొలువుకు ఎత్తుకురా. బయలుదేరే ముందు కడుపు పగిలేటట్టు తాగించు. మిగతాది నాకు వదిలెయ్."

మర్నాడు కొలువులో రాజుగారు సింహాసనం మీద ముందుకు వంగి చూశారు.

"ఇది గొర్రెపిల్ల కదా!"

"ఆజ్ఞ చదవమంటారా ప్రభూ?" అని బాచన తాటాకు విప్పాడు. "ఒంటి మీద గొర్రెబొచ్చు. ఏలినవారు నిమిరి చూడండి."

రాజుగారు నిమిరారు. బొచ్చే.

"ఒంట్లో మేకపాలు. అవీ ఉన్నాయి."

"ఇది పాలిస్తుందా?"

"ఇవ్వాలని ఆజ్ఞలో లేదు ప్రభూ. ఉండాలని మాత్రమే ఉంది. ఇంకేమీ అక్కర్లేదని కూడా తమరే సెలవిచ్చారు."

"ఉన్నాయని రుజువేది?" అంటూ రాజుగారు పిల్లను పొట్ట పట్టుకుని పైకెత్తారు.

పొట్ట మీద పట్టు పడేసరికి అది ఒక్క త్రేన్పు త్రేన్చింది. పాలన్నీ జరీ ఉత్తరీయం మీద పడ్డాయి. వైద్యుడు వంగి వాసన చూసి, "మేకపాలే మహాప్రభో" అన్నాడు. కొలువులో అందరూ నవ్వు ఆపుకోలేక పైకప్పు చూడసాగారు.

రాజుగారి ముఖం ఎర్రబడింది. కానీ పిల్ల ఆయన వేలు దొరకపుచ్చుకుని చీకడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని దించబోయి, దించలేక ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇలాంటివి ఎన్ని పుట్టాయి?" అన్నారు కాస్త మెత్తగా.

"నలభై ఒకటి మారాజ. తొమ్మిది పోయినయి. మేకలు లేకుంటే ఒక్కటన్న మిగిలేది కాదు."

రాజుగారు ఒళ్ళో పిల్ల వీపు నిమిరారు. తప్పు ఎవరిదో ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది.

"అయితే గొర్రెకూ మేకకూ ఎన్నటికీ పిల్ల పుట్టదా?"

"ఎప్పుడన్న ఒక్కసారి చూలు నిలుస్తది మారాజ. కాని దినాలు నిండవు, నిండినా పిల్ల చచ్చే పుడతది. మా అత్త తన జన్మల ఒక్కటి చూసిందట. రెండు కలిసి మేస్తయి, కలిసి పండుకుంటయి. ఒకదాని పిల్లకు ఇంకొకటి పాలిస్తది. అంతవరకే వాటి చుట్టరికం."

"ఈ మాట ఆనాడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయిన మారాజ. తమరు గోచికాడనే ఆగిన్రు."

రాజుగారు బాచన వైపు తిరిగారు. "ఆజ్ఞ నెరవేరింది. మంద బీరమ్మదే, మేకలూ ఆమెవే. గోచి ఎప్పుడు విప్పాలో ఇకమీదట ఆమె మాటే రాజాజ్ఞ. ఆ రాయిని తిరగేసి, ఈ పిల్లలు నీళ్ళు తాగే తొట్టి తొలిపించండి. బాచనా, నీకేం కావాలో కోరుకో."

"ఒక గోనెగుడ్డ ఇప్పించండి ప్రభూ."

"గోనెగుడ్డా! దేనికి?"

"పొట్టేలు కోరికకే కాదు, ఏలినవారి ఆలోచనలకూ కాలం కాని కాలం ఒకటి వస్తూంటుంది. అప్పుడు వాటికీ ఒక గోచి కట్టే అధికారం నాకుండాలి."

రాజుగారు ముందు కనుబొమలు ముడిచారు. తర్వాత పాలకంపు కొడుతున్న ఉత్తరీయంతో ముఖం కప్పుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఒళ్ళో పిల్ల బెదిరి దూకింది. చేతి కంకణం తీసి బాచనకు తొడిగారు, గోనెగుడ్డ కూడా ఇప్పించారు.

ఆ తర్వాత కూడా రాజుగారికి ఆలోచనలు వస్తూనే ఉండేవి. "బాచనా, రాసుకో!" అని ఆయన సింహాసనం మీంచి లేచినప్పుడల్లా బాచన గంటం తీసేవాడు కాదు. నెమ్మదిగా గోనెగుడ్డ తీసి ఒళ్ళో పరుచుకునేవాడు. రాజుగారు దాన్ని చూసి, మళ్ళీ కూర్చుని, "సరేలే, వాన పడనీ" అనేవారు.