ఒక రాయి తక్కువ

భూమికి ఉత్తరపు కొసన, వేసవిలో సూర్యుడు అస్తమించని మంచుకొండల మధ్య ఒక బౌద్ధ మఠం ఉండేది. అక్కడి శిష్యుల్లో తుమెన్‌కి పట్టుదల ఎక్కువ, ఓర్పు తక్కువ. మఠానికి ఎదురుగా కనిపించే తెల్లటి శిఖరాన్ని అంతవరకూ ఎవరూ ఎక్కలేదు. తానే మొదట ఎక్కాలన్న కోరిక అతన్ని ధ్యానంలో కూడా కుదురుగా కూర్చోనివ్వలేదు.

చివరికి గురువు లుబ్సన్ దగ్గరకు వెళ్ళి అడిగేశాడు. "గురువుగారూ, ఆ శిఖరం మీద నిలబడితేగానీ నా మనసు నిలబడదు. సెలవివ్వండి."

వద్దంటాడనుకున్నాడు. ముసలాయన రొట్టెలు మూటగట్టి చేతికిచ్చాడు.

"రాళ్ళగుట్టలు చూసుకుంటూ వెళ్ళు. వాటిని చూసుకుంటూనే తిరిగి రా," అన్నాడు.

ఆ మంచులో దారి చూపేవి ఆ గుట్టలే. అటు వెళ్ళే ప్రతివాడూ లోయలోంచి ఒక రాయి మోసుకొచ్చి గుట్టమీద పెట్టిపోవడం అక్కడి ఆచారం. తుమెన్ తొందరలో ఉత్తచేతులతో బయల్దేరాడు.

కనుమలోని ఆఖరి గుట్ట చేరాక రాయి తేలేదని గుర్తొచ్చింది. పైనంతా మంచే. తాను వచ్చినట్టు శిఖరం మీద గుర్తుగా పాతుదామంటే గులకరాయి కూడా దొరకదు. గుట్ట నెత్తిన నిలబెట్టిన పొడుగాటి నల్లరాయి అతన్ని ఊరించింది. ఇన్ని రాళ్ళలో ఒకటి పోతే కొంపలేం మునుగుతాయి అనుకుని దాన్ని భుజానికెత్తుకున్నాడు.

శిఖరం ఎక్కాడు. రాయి పాతాడు. సంతోషం పట్టలేక తన పేరు తానే కేకపెట్టుకున్నాడు పిచ్చివాడు. పలికేవాళ్ళెవరూ లేరు.

దిగుతుండగా మంచుగాలి లేచింది. నేలా ఆకాశమూ ఒకటే తెలుపైపోయాయి. ఆఖరి గుట్ట దొరికితే బతుకుతాడు, తప్పితే పక్కనే అగాధం. ఎంత వెతికినా గుట్ట జాడ లేదు. నెత్తిన రాయి లేని ఆ గుట్టను మంచు ఎప్పుడో కప్పేసింది. తుమెన్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

అంతలో ఆ తెలుపులో ఏదో నల్లగా కనిపించింది. పడుతూ లేస్తూ అటు వెళ్ళాడు.

పూడిపోయిన గుట్టమీద, నల్లకంబళి కప్పుకుని, నడుం దాకా మంచులో లుబ్సన్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. కనుబొమలు గడ్డకట్టాయి.

తుమెన్ ఆయన ముందు కూలబడి ఏడ్చేశాడు. "ఈ గాలిలో, ఈ వయసులో, ఇక్కడెందుకు కూర్చున్నారు గురువుగారూ?"

"నీ వెనకాలే నేనూ ఒక రాయి తెచ్చాను నాయనా. ముసలివాణ్ణి కదా, చిన్నదే మోయగలిగాను."

గురువు కంబళి విదిల్చి కాస్త ఊపిరి తీసుకున్నాడు.

"వచ్చి చూస్తే, ఇక్కడ పెద్దరాయి ఒకటి తక్కువైంది."