రాహేలమ్మ ఎత్తుకున్న పల్లవి

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్లు దుప్పటి కప్పుకోండి. అన్యాయం జరిగింది రాహేలమ్మకి. ఎప్పుడంటే, రెల్లులంక చర్చికి ఇంకా తాటాకు కప్పే ఉన్న కాలంలో, మంచు కురిసే నెలలో.

క్రిస్మస్‌కి ముందు ఆ ఊళ్లో పాటల కూడిక. పాడే జట్టుకి గొంతులు పట్టేయకుండా శొంఠీ మిరియాలూ కాచి పోసేది రాహేలమ్మ. చర్చి వెనక కిటికీ కింద ఆవిడ పొయ్యి. కాచేది, పోసేది, వినేది. ఏళ్లకేళ్లు అంతే. లోపల నిలబడి పాడాలని ఆవిడ కోరిక. చచ్చేలోగా ఒక్కసారి.

మొదటి ఏడు జట్టు పెద్ద జకరయ్య పంతుల్ని అడిగింది.

"నీకు చదువు రాదు కదమ్మా. పుస్తకం ఎట్టా చూస్తావు?"

పాట మొత్తం నోటికి పట్టింది. కాచింది, పోసింది, విన్నది.

రెండో ఏడు అడిగింది.

"జట్టంతా తెల్లచీరలు. నీది మసిచీర."

కోళ్లు అమ్మి తెల్లచీర కొన్నది. కాచింది, పోసింది, విన్నది.

మూడో ఏడు ఆ చీర కట్టుకునే వచ్చి అడిగింది.

"నీ గొంతు బాగోదు రాహేలమ్మా."

"ఎప్పుడు విన్నారయ్యా?"

పంతులు పుస్తకం చంకన పెట్టుకుని లోపలికి పోయాడు. ఆయన వినలేదు. ఊళ్లో ఎవరూ వినలేదు. వినకుండా తీర్పు చెప్పడానికి మాత్రం ఎవరికీ చదువు అక్కర్లేదు.

కూడిక సాయంత్రం వచ్చింది. జనం చాపల మీద కూర్చున్నారు. మంచుకి జట్టు గొంతులన్నీ బొంగురు. రాహేలమ్మ కుండ మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టింది.

"పాడనిస్తేనే పోస్తా."

"బెదిరిస్తున్నావా?"

"అవునయ్యా. మంచిగా అడిగి చూశాగా."

పంతులు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. మూడోసారి దగ్గలేక, "పల్లవి ఒక్కటే. తర్వాత నోరు మూసుకోవాలి" అన్నాడు.

అందరూ తాగారు. రాహేలమ్మ ముందుకొచ్చి పల్లవి ఎత్తుకుంది. మాటలు ఆ పాటవే. రాగం మాత్రం ఎవరూ ఎరగనిది. ఎక్కడో కింద, బరువుగా, మెట్టు మెట్టు దిగే రాగం. చాపల మీద నవ్వులు మొదలయ్యాయి.

"ఏం పాటే పిన్నీ, దుక్కి దున్నుతున్నావా?"

రాహేలమ్మకి తెలిసిన పాట ఇదే. ఆపలేదు. ఆపమని పంతులు చెయ్యెత్తాడు.

"ఉండండి పంతులుగారూ!" పడవ లాగే యోబు అరిచాడు. "ఇది మా మగాళ్ల వరుస! మేం అడుగున పాడేది!"

అప్పుడర్థమైంది. జట్టులో ఆడవాళ్లు పాట రాగం పాడతారు. మగవాళ్లు దానికింద వేరే వరుస పాడతారు. మగవాళ్లు నిలబడేది వెనక కిటికీ దగ్గర. కిటికీ నిండా వాళ్ల వీపులే. రాహేలమ్మ చెవిన పడిందంతా ఆ అడుగు వరుసే.

యోబు గొంతు కలిపాడు. మగవాళ్లు కలిపారు. ఆడవాళ్లు పైన రాగం అందుకున్నారు. నవ్విన నోళ్లు తెరుచుకునే ఉండిపోయాయి. పల్లవి దగ్గర ఆపమన్న సంగతి పంతులికే గుర్తులేదు. పాట అయ్యాక రాహేలమ్మ తలెత్తి అందరి వంకా చూసింది.

"ఓరి దేవుడా, దీని మీద ఇంత పాట ఉందా!"

మరుసటి చలికాలానికి ఆవిడ లేదు.

ఇప్పటికీ రెల్లులంకలో మొదటి పల్లవి అడుగు వరుసే, ఒంటిగా. పాడేది కషాయం కాచిన మనిషి. గొంతెలాంటిదని అడగరు. పొరుగూరి చుట్టాలు మోచేతుల్తో పొడుచుకుని "రాగం తప్పారు" అని నవ్వుతారు. "ఉండండి, రాహేలమ్మ పాడుతోంది" అంటారు ఊరివాళ్లు. పెళ్లిచూపుల్లో కూర్చోకముందే పిల్లకి వంక పెట్టేవాళ్లకీ ఇదే మాట. పాటల కూడిక ఏటా ఆవిడ పాడిన నాడే. ఏ ఏడాదో రాయాలని ఎవరికీ తోచలేదు గానీ, చర్చి గోడ మీద తేదీ మాత్రం సున్నంతో రాసి ఉంది: డిసెంబరు పందొమ్మిది.