నాంచారమ్మ చెప్పిన సాక్ష్యం

ఇటు తిరిగి పడుకో. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. నువ్వు ఊఁ కొట్టడం మానేశావంటే నేను చెప్పడం మానేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక రేవు ఊరు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఉప్పుటేరు. ఆ ఊళ్ళో బట్టల మీద పువ్వులూ తీగలూ అద్దేవాళ్ళు. ఆ అద్దకం బట్టలంటే సముద్రం అవతలి దేశాలవాళ్ళు పడి చచ్చేవాళ్ళు. ఏడాదికోసారి గాలి అటు తిరిగినప్పుడు ఓడలు వాటిని నింపుకుని వెళ్ళేవి.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. అద్దినవాళ్ళకి పేరొచ్చేది గానీ, ఆ బట్టలు ఉతికి రంగు తేల్చేది నాంచారమ్మే. రంగు వేశాక బట్టని మూడు నీళ్ళు జాడించాలి. మూడూ మంచినీళ్ళే అయ్యుండాలి. ఉప్పునీళ్ళు తగిలిన బట్ట ఆరినట్టే ఉంటుంది కానీ ఆరదు. మబ్బు పడితే చాలు, మళ్ళీ చెమ్మగిల్లుతుంది. మనింట్లో ఉప్పు జాడీ వానాకాలం నీరు కారడం చూశావుగా, అలాగన్నమాట.

మరి ఉప్పుటేరుతో ఒక చిక్కుంది. సముద్రం వెనక్కి లాగినప్పుడు పైనుంచి వచ్చే మంచినీళ్ళే ఏట్లో ఉంటాయి. పోటొచ్చిందంటే సముద్రం నీళ్ళు లోపలికి ఎగదన్నుతాయి. అందుకని నాంచారమ్మ కాపరానికొచ్చిన మొదటిరోజే వాళ్ళత్తగారు ఒక మాట చెప్పింది. నీళ్ళు పుక్కిట పట్టి చూడకుండా బట్ట దించకే అమ్మాయ్ అని. నాంచారమ్మ ఇరవై ఏళ్ళు ఆ మాట దాటలేదు.

ఒక ఏడాది ఏమైందంటే, గాలి తొందరగా తిరిగింది. గురవయ్యశెట్టి అని ఆ ఊరి పెద్ద వర్తకుడు పరుగు పరుగున ఏటి ఒడ్డుకి వచ్చాడు.

"నాంచారమ్మా, మూడొందల బట్టలూ ఎల్లుండికి మూట కట్టాలి. లేకపోతే ఓడ నన్ను వదిలేసి పోతుంది" అన్నాడు.

అయిదు రోజుల పని రెండు రోజుల్లో కావాలిట. నిదానమే ప్రధానం అని మనం మనుషులకి చెప్పగలం గానీ, గాలికెవరు చెప్తారు? నాంచారమ్మ సరేనంది. శెట్టిగారికి కాదని చెప్పే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు మరి.

మొదటి నీళ్ళు అయ్యాయి. రెండో నీళ్ళు అయ్యాయి. మూడో నీళ్ళు జాడిస్తుండగా నాంచారమ్మ చీలమండల దగ్గరున్న ఏరు పిక్కల దాకా వచ్చింది. ఆ తర్వాత మోకాళ్ళు తాకింది. పోటొస్తోందని ఆవిడకి తెలుసు. తెలియకపోవడమేమిటి? కానీ ఆ వేళ మాత్రం నీళ్ళు పుక్కిట పట్టి చూడలేదు. చూస్తే ఆపాలి కదా. అందుకని చూడలేదు. ఆఖరి జాడింపేగా, ఏమవుతుందిలే అనుకుంది.

అప్పుడు బట్టలు మూటలు కట్టారు. పైన గోనె చుట్టారు. ఆ రేవులో నీళ్ళు లోతు తక్కువ, ఓడ ఒడ్డుకి రాదు. దూరంగా నిలబడుతుంది. మూటల్ని పడవ మీద కెరటాలు దాటించి ఓడకి చేర్చాలి. ఆ పని తండేలు బలరాముడిది. తండేలంటే పడవకి పెద్ద.

బలరాముడి పడవకి ఒక్క మేకు ఉండదు. చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవ అది. వాళ్ళ నాన్న కుట్టడం మొదలుపెట్టి పోతే, బలరాముడు పూర్తి చేశాడు. పెళ్ళాం ఆదెమ్మ, ముగ్గురు పిల్లలు, పొయ్యి మీద కుండ, అన్నీ ఆ పడవ మీద బతికేవే. బలరాముడు మూటలన్నీ ఓడకెక్కించాడు. ఓడ వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలలకి ఓడ తిరిగొచ్చింది. దాంతోపాటే శెట్టిగారి మూటలూ తిరిగొచ్చాయి. అవతలి దేశంవాళ్ళు విప్పి చూస్తే బట్టల నిండా బూజుట. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పుట. సముద్రంలో తడిసిన సరుకు మాకెందుకయ్యా అని తిప్పి పంపేశారు.

గురవయ్యశెట్టి నెత్తి బాదుకున్నాడు. ఉప్పంటే సముద్రం, సముద్రం నీళ్ళంటే పడవలోకే వచ్చి ఉంటాయి, పడవంటే బలరాముడు, అని లెక్క తేల్చేశాడు. అన్యాయంగా అన్నాడనుకోకు. ఆయనకి తెలిసింది అంతే.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉండేది. ఒడ్డు నుంచి ఓడకి చేర్చేలోపు సరుకు తడిస్తే ఆ పడవ తండేలుది కాదు. రేవువాళ్ళు లాక్కుంటారు. అంతే, మళ్ళీ మాట లేదు.

తగువు షాబందరుగారి దగ్గరికి వచ్చింది. రేవు మీద పెత్తనం చేసే అధికారిని షాబందరు అనేవాళ్ళు. ఆయన తెల్లగడ్డం పెద్దాయన, మాట తక్కువ. రేవు చావడిలో చాప మీద కూర్చున్నాడు. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది.

"నా పడవలో మూట మీద సుక్క పళ్ళేదు బాబయ్యా" అన్నాడు బలరాముడు. అంతకన్నా ఏం చెప్తాడు? ఎవరి మాట వాళ్ళకి సాక్ష్యం కాదు.

అప్పుడు సాక్షుల్ని పిలిచారు. ముగ్గురు.

మొదట శెట్టిగారి గుమాస్తా వచ్చాడు. తన దేవుడి మీద ఒట్టేశాడు. ఆ వేళ పడవ పక్కన తాటిచెట్టంత కెరటం లేచింది, నేను కళ్ళారా చూశాను అన్నాడు. మూట తడవడం చూశావా అని షాబందరుగారు అడిగారు. తడిసే ఉంటుందండి అన్నాడు. చూసింది చెప్పవయ్యా అంటే, తోచింది చెప్పాడు పెద్దమనిషి.

ఆ తర్వాత ఓడ సరంగు మస్తాను వచ్చాడు. సరంగంటే ఓడ మీద పనివాళ్ళకి పెద్ద. తన గ్రంథం మీద చెయ్యి పెట్టాడు. తాళ్ళు లాగడం మా పని, మూటలు తడిమి చూడడం కాదు సాహెబ్, తడో పొడో నాకు తెలియదు అన్నాడు. తెలియనిది తెలియదన్నాడు, మంచిదే. కానీ దానివల్ల బలరాముడికి ఒరిగిందేమీ లేదు.

ఆ తర్వాత నాంచారమ్మని పిలిచారు. బట్ట సంగతి తెలిసిన మనిషి కదా, అది సముద్రపు ఉప్పో కాదో చూసి చెప్పమన్నారు. ఉప్పు అనే మాట చెవిన పడ్డప్పుడే నాంచారమ్మ గుండెల్లో రాయి పడింది. రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు ఆవిడకి. ఎవరికి చెప్పుకుంటుంది?

దీపం ముందు నిలబెట్టి ప్రమాణం చేయించారు. చూసింది చెప్తాను, చూడనిది చెప్పను, దాచను అని. దాచను అన్న మాట ఎవరికీ వినపడలేదు. గట్టిగా అనమంటే మళ్ళీ చెప్పింది.

ఒక మూట విప్పారు. నాంచారమ్మ పై బట్ట అంచు నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. మధ్యలోంచి ఒకటి లాగి చూసింది. అంతే ఉప్పు. అట్టడుగున ఉన్నది తీసి చూసింది. అదీ అంతే, రవ్వంత తేడా లేదు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే పైన చుట్టిన గోనె కూడా నాలిక మీద పెట్టుకుంది. గోనె చప్పగా ఉంది.

ఇక ఆవిడకి అనుమానమే లేదు. కెరటం కొడితే ముందు గోనె తాగాలి, ఆ తర్వాతే లోపలి బట్ట. గోనెకి లేని ఉప్పు లోపలికి ఎలా వచ్చింది? కట్టకముందే ఉంది కాబట్టి వచ్చింది. ఆ ఉప్పు తన చేత్తో జాడించిన ఉప్పు.

"ఉప్పు ఉందా అమ్మా?" అన్నారు షాబందరుగారు.

"ఉంది బాబూ."

"సముద్రపు ఉప్పేనా?"

"సముద్రపు ఉప్పే."

రెండూ నిజాలే. ఒక్క అబద్ధం లేదు. ఆయన అంతవరకే అడిగారు, ఈవిడ అంతవరకే చెప్పింది. నువ్వయితే మొత్తం చెప్పేదానివా? చెప్పేదానివిలే. మొన్న పాలగిన్నె ఎవరు పడేశారే అంటే పిల్లి అన్నావు. మనింట్లో పిల్లేదీ?

సరే విను. షాబందరుగారు తల ఊపారు. పడవ రేవుకి స్వాధీనం అన్నారు. ఆదెమ్మ చంటిదాన్ని గుండెకి అదుముకుని నిలబడిపోయింది. నాంచారమ్మ తల వంచుకుని చావడి మెట్ల వైపు నడిచింది.

బలరాముడు ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. వెళ్ళి తెడ్లు రెండూ తెచ్చి షాబందరుగారి ముందు పెట్టాడు.

"బాబయ్యా, ఒక్క మాట. నెలకోసారి కుట్లకి సేపనూనె పట్టించండి. లేకపోతే ఎండకి తాడు సీలిపోద్ది. ఎడంపక్క ముందు సెక్క మా అయ్య కుట్టింది, అది కొంచెం నిదానంగా సూసుకోవాల" అన్నాడు.

నాంచారమ్మ మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. మూడో మెట్టు మీద కాలు పడలేదు. తన పడవ లాక్కుంటున్నవాళ్ళకి దాన్ని ఎలా చూసుకోవాలో చెప్తున్నాడే ఈ మనిషి, నేనేం చేస్తున్నాను అనుకుంది. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"అయ్యగారూ, నేను దాచాను" అంది.

 నాంచారమ్మ మళ్ళీ దీపం ముందుకి వచ్చింది. మొత్తం చెప్పింది. అయిదు రోజుల పని రెండు రోజుల్లో చేశానని చెప్పింది. ఏరు మోకాళ్ళ దాకా వచ్చిందని చెప్పింది. పోటని తెలిసీ జాడించానని చెప్పింది. నీళ్ళు నోట్లో వేసుకుని చూడలేదని చెప్పింది. చూస్తే ఆపాల్సొస్తుందనే చూడలేదు బాబూ అని అది కూడా చెప్పేసింది. గోనె తీసి షాబందరుగారికి ఇచ్చింది. ఆయన నాలిక మీద పెట్టుకున్నారు. శెట్టిగారికి ఇచ్చారు. ఆయనా పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇకమీద నీకు ఒక్క బట్ట రాకపోవచ్చు. తెలిసే చెప్తున్నావా?" అన్నారు షాబందరుగారు.

"తెలుసు బాబూ. బట్ట లేకపోతే ఇంకేదన్నా చేసుకుంటాను. ఆయన పడవ లేకపోతే ఏం చేసుకుంటాడు?"

 షాబందరుగారు గురవయ్యశెట్టి వైపు తిరిగి, "అయిదు రోజుల పనిట కదా, మరి ఆవిడ రెండు రోజుల్లో ఎందుకు చేసిందో?" అన్నారు. దీపం శెట్టిగారి వైపు జరిపించారు.

శెట్టిగారు లేచాడు. ఆయన మంచివాడే పాపం, తొందర మనిషి అంతే. దీపం ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం లేదు. "నేనే రెండు రోజులన్నాను. కుదరదని చెప్పే సందు కూడా ఇవ్వలేదు ఆవిడకి" అన్నాడు. అనేసి, ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు షాబందరుగారు తీర్పు చెప్పారు. పడవకి తగువు లేదు, తెడ్లు తీసుకో అన్నారు. తొందరపెట్టినందుకు నష్టం శెట్టిది అన్నారు. తెలిసీ జాడించినందుకు నాంచారమ్మ ఆ మూడొందల బట్టలూ మంచినీళ్ళ కాలవ దగ్గర మళ్ళీ ఉతకాలి అన్నారు. ఇకమీద వచ్చే బట్టలు ఇంకో చాకిరేవుకి ఇస్తారా అని శెట్టిగారిని అడిగారు.

"ఎందుకండీ, ఈవిడకే ఇస్తాను. ఈసారి ఎన్ని రోజులు పట్టినా అడగను" అన్నాడు శెట్టిగారు.

బలరాముడు తెడ్లు భుజాన వేసుకున్నాడు. నాంచారమ్మ వైపు చూడనైనా చూడలేదు, తిన్నగా పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. కోపం ఉండదూ మరి? ఇంత అయ్యాక. అది ఒక్క పూటలో పోయేది కాదు.

ఆ తర్వాత నాంచారమ్మ కాలవ గట్టు మీద గుడిసె వేసుకుంది. బట్టల్ని పేడనీళ్ళలో నానేసింది. మంచినీళ్ళలో జాడించింది. ఎండలో పరిచింది. మళ్ళీ నానేసింది, మళ్ళీ జాడించింది. బూజు పోయింది. ఎర్రరంగు ఉతికినకొద్దీ తేలింది. ప్రతి జాడింపుకీ నీళ్ళు పుక్కిట పట్టి చూసింది. అక్కడ పోటు రాదని తెలిసినా చూసింది, పిచ్చిది.

ఆరో రోజు మధ్యాహ్నానికి ఆఖరి బట్ట ఆరేసింది. మూడొందలూ ఇసకలో పరుచుకుని ఉన్నాయి. మేకలు తొక్కకుండా, కాకులు రెట్ట వెయ్యకుండా ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. కూర్చుందామనుకుంది గానీ నడుము నిలవడం లేదు. ఎన్నాళ్ళయిందో కంటి నిండా నిద్రపోయి.

అప్పుడు గట్టు మీద నుంచి ఎవరో దిగి వచ్చారు. ఆదెమ్మ. చంకలో చంటిది, చేతిలో చింతబరికె. నాంచారమ్మ లేవబోయింది. ఆదెమ్మ లేవొద్దని చెయ్యూపింది. కాలవ గట్టున నీడ చూసుకుని కూర్చుంది, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుంది.

"పడుకో వొదినా. నేను సూత్తాలే" అంది.

నాంచారమ్మ అలాగే ఇసకలో ఒరిగిపోయింది. పగలూ ఎండా ఏమీ తెలియలేదు. మేకల్ని అదిలించే ఆదెమ్మ గొంతు వింటూ వింటూ నిద్రపోయింది.

ఊఁ ఏదీ? ఓహో, నువ్వూ అదే పని మీద ఉన్నావా. సరేలే.

పోటు పోయె సంద్రానికి,
పడవ చేరె తీరానికి,
కథ నడిచె కంచి పట్నానికి,
మనం చేరాం మన మంచానికి.